రెగ్గేటోన్ కథ: ఒక దరువు, ఐదు ఊళ్లు

2025 సెప్టెంబరు చివర్లో అమెరికాలో ఒక ప్రకటన పెద్ద గొడవే లేపింది. 2026 ఫిబ్రవరి సూపర్ బౌల్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్లో, ఆట మధ్య విరామంలో పాడేందుకు బ్యాడ్ బన్నీని ఎంపిక చేశారన్నది ఆ ప్రకటన. అతను పాడేది స్పానిష్‌లో. "అమెరికా ఆటకి అమెరికా గాయకుడే దొరకలేదా?" అని కొందరు మండిపడ్డారు. కానీ బ్యాడ్ బన్నీ పుట్టుకతోనే అమెరికా పౌరుడు. అసలు పేరు బెనీతో అంతోనియో మార్తీనెస్ ఒకాసియో, ఊరు పోర్టో రికో ద్వీపంలోని వేగా బాహా. ఆ ద్వీపం 1898 నుంచి అమెరికా చేతిలో ఉంది. 1917లో అక్కడివాళ్లకి పౌరసత్వం ఇచ్చారు. ద్వీపంలో ఉన్నంతకాలం అధ్యక్ష ఎన్నికల్లో ఓటు మాత్రం ఉండదు.

'మనవాడా, పరాయివాడా' అనే ఈ తగువు అతనితో మొదలైంది కాదు. అతను పాడే రెగ్గేటోన్ సంగీతానికి పుట్టినప్పటి నుంచీ ఇదే తగువు. జమైకావాళ్లు మూలం మాది అంటారు. స్పానిష్‌లో మొదట పాడింది మేమని పనామావాళ్లు అంటారు. దానికి రూపం, పేరు, పెట్టుబడి అన్నీ మేమే ఇచ్చామని పోర్టో రికోవాళ్ల మాట. ఎవరూ పూర్తిగా అబద్ధం చెప్పడం లేదు, అసలు చిక్కు అక్కడే ఉంది. దీన్ని విప్పాలంటే గాయకులను కాసేపు పక్కనపెట్టి, పాట అడుగున నడిచే దరువు నుంచి మొదలుపెట్టాలి.

కాలికి రెండు, చేతికి రెండు

2017లో 'డెస్పాసీతో' పాట చెవిన పడనివాళ్లు మనలోనూ తక్కువే. దాని పల్లవి కింద వినిపించే దరువును నోటితో చెప్పాలంటే మనకి కొత్త జతులేమీ అక్కర్లేదు. 'తకిట తకిట తక' అంటే చాలు. మూడు, మూడు, రెండు, మొత్తం ఎనిమిది అక్షరాలు.

ఆ ఎనిమిదినీ ఒకే వేగంతో లెక్కపెడుతూ 1, 5 అంకెల మీద కాలు నేలకి తాటిస్తే అది పెద్ద డ్రమ్ము. 4, 7 అంకెల మీద చప్పట్లు కొడితే అది చిన్న డ్రమ్ము. రెండూ కలిపితే 'బూమ్, చ-బూమ్, చక్' అని వస్తుంది. కాలేమో ఎనిమిదిని నాలుగు, నాలుగుగా సమానంగా పంచుతోంది. చెయ్యేమో మూడు, మూడు, రెండుగా పంచుతోంది. లెక్క ఒకటే అయినా వాటాలు కుదరవు. వింటుంటే నడుము దానంతటదే కదలడానికి కారణం ఈ కుదరకపోవడమే. పాతికేళ్లుగా వచ్చిన వేలాది రెగ్గేటోన్ పాటల్లో ఎక్కువ భాగం నిమిషానికి 90 నుంచి 100 దెబ్బల వేగంతో ఇదే నడక నడుస్తాయి. దీన్ని 'డెంబో' అంటారు.

ఇక్కడ ఒక మాట గుర్తుంచుకోవాలి, చివర్లో కోర్టు గొడవ దగ్గర పనికొస్తుంది. మూడు-మూడు-రెండు అనే పంపకం ఎవరూ కొత్తగా కనిపెట్టింది కాదు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చిన మనుషులతోపాటు కరీబియన్ దీవులకి చేరింది. క్యూబా హబనేరాలోనూ ఉంది, ఇంకా ఎన్నో నాట్య సంగీతాల్లోనూ ఉంది. స్పానిష్‌లో 'త్రెసీయో' అంటారు. రెగ్గేటోన్‌కి మాత్రం ఆ పాత లెక్క ఒక ప్రత్యేకమైన రికార్డు ద్వారా అందింది.

కింగ్‌స్టన్: బాణీ ఒకటి, గొంతులు వంద

జమైకా సంగీతంలో 'రిడిమ్' అనే పద్ధతి ఉంది. ఎవరో ఒక వాద్య ట్రాక్ తయారు చేస్తారు, డ్రమ్ములూ బేసూ అన్నీ కలిపి. దానిమీద పది మంది గాయకులు పది వేరువేరు పాటలు పాడతారు. మనకి ఒకే బతుకమ్మ బాణీలో ఎన్ని కథలైనా పాడుకునే అలవాటు ఉంది కాబట్టి ఇది వింతగా అనిపించదు. తేడా ఒక్కటే. మన దగ్గర పంచుకునేది బాణీ, అక్కడ పంచుకునేది రికార్డు చేసిన వాద్యమే.

1989లో స్టీలీ అండ్ క్లీవీ అనే జంట 'ఫిష్ మార్కెట్' అనే రిడిమ్ చేసింది. దాన్ని ఆధారం చేసుకుని 1990లో నిర్మాత బాబీ డిజిటల్ దగ్గర షాబా ర్యాంక్స్ 'డెం బో' అనే పాట పాడాడు. దరువుకి ఆ పేరు ఇక్కడి నుంచే వచ్చింది. తలవంచడం మీద పాట అది. వలస పెత్తనానికి తలవంచొద్దని చెప్పిన నోటితోనే స్వలింగ సంపర్కుల మీద ద్వేషం కూడా కక్కుతుంది. ఈనాడు డెంబో మీద నాట్యం చేసేవాళ్లలో చాలామందికి ఆ పేరు వెనక ఇంత ఉందని తెలియదు.

పనామా: కాలువ తవ్వినవాళ్ల మనవలు

జమైకా దరువు స్పానిష్ మాట్లాడే దేశానికి ఎలా చేరింది? ఓడల్లో, అంతకుముందే, మనుషులుగా. 1904 నుంచి 1914 వరకు అమెరికా పనామా కాలువ తవ్వించినప్పుడు బార్బడోస్, జమైకా వంటి దీవుల నుంచి వేలాది నల్లజాతి కూలీలు అక్కడికి వెళ్లారు. తెల్ల అమెరికన్లకు బంగారు నాణేలతో జీతం, వీళ్లకు వెండితో. 'గోల్డ్ రోల్', 'సిల్వర్ రోల్' అని రెండు వేర్వేరు పట్టీలే ఉండేవి. పని అయ్యాక చాలామంది అక్కడే స్థిరపడ్డారు. వాళ్ల మనవలకి ఇంట్లో కరీబియన్ ఇంగ్లీషు, వీధిలో స్పానిష్. జమైకా నుంచి వచ్చే రెగ్గే పాటలు వాళ్లకి పరాయివి కావు.

అందుకే 1980ల నాటికి పనామాలో రెనాతో, నాందో బూమ్, ఎల్ హెనెరాల్ లాంటివాళ్లు రెగ్గేని స్పానిష్‌లో పాడుతున్నారు. పాటలకి రేడియో కంటే ముందు దిక్కైనవి సిటీ బస్సులు. ఒళ్లంతా రంగుల బొమ్మలు వేసుకుని 'ఎర్ర దయ్యాలు' అని పేరు తెచ్చుకున్న ఆ బస్సుల్లో డ్రైవర్లు క్యాసెట్లు పెట్టి ఊరంతా మోగించేవాళ్లు. ఈ సంగీతాన్ని పనామావాళ్లు ఇప్పటికీ 'ప్లేనా' అంటారు. పోర్టో రికోలోనూ 'ప్లేనా' ఉంది, కానీ అది పూర్తిగా వేరే. చేతి డప్పులతో పాడే పాత జానపదం. ఇద్దరూ ఒకే మాటతో వాదించుకుంటుంటే చదివేవాళ్లకి తల తిరగడం సహజం.

మధ్యలో న్యూయార్క్ మజిలీ ఒకటి ఉంది. చాలా చరిత్రలు దీన్ని దాటేస్తాయి. అక్కడ లాంగ్ ఐలాండ్‌లో ఫిలిప్ స్మార్ట్ అనే జమైకన్ నడిపిన స్టూడియోలో జమైకన్లూ పనామావాళ్లూ కలిసి రికార్డు చేసేవాళ్లు. నాందో బూమ్ 'డెం బో'ని స్పానిష్‌లో పాడినప్పుడు డెనిస్ థాంప్సన్ ఆ రిడిమ్‌ని మళ్లీ కొత్తగా వాయించి కట్టాడు. తర్వాత పోర్టో రికో డీజేలు కోసి, అతికించి, మళ్లీ మళ్లీ వాడుకున్నది ఎక్కువగా ఈ న్యూయార్క్ రూపాన్నే. కింగ్‌స్టన్ అసలును కాదు.

సాన్ హువాన్: ఇంట్లో క్యాసెట్, బయట పోలీసు

1990ల మొదట్లో పోర్టో రికో రాజధాని సాన్ హువాన్‌లో రెండు ప్రవాహాలు కలిశాయి. ఒకటి వీకో సీ వంటివాళ్లు స్పానిష్‌లో చేస్తున్న ర్యాప్. రెండోది పనామా నుంచి, న్యూయార్క్ నుంచి వచ్చిన రెగ్గే. డీజే ప్లేయెరో ఇంట్లో కూర్చుని రెండింటినీ కలిపి క్యాసెట్లు చేశాడు. ఒక్కో వైపు అరగంటకి పైగా ఆగకుండా సాగే మేళవింపు, మధ్యలో దరువు మారుతూ, గొంతులు మారుతూ. ఆ గొంతుల్లో ఒకటి రమోన్ అయాలా అనే కుర్రాడిది, తర్వాత డాడీ యాంకీ అయ్యాడు. డీజే నీగ్రో 'ద నాయిస్' క్లబ్బులో ఇదే పని వేదిక మీద చేయించాడు. క్యాసెట్ నుంచి క్యాసెట్‌కి, చేతి నుంచి చేతికి పాకింది. అప్పటికి 'రెగ్గేటోన్' పేరు స్థిరపడలేదు. 'అండర్‌గ్రౌండ్' అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది తామేనని ఒకరి కంటే ఎక్కువమందే చెప్పుకుంటారు. రెగ్గేకి 'పెద్ద' అనే అర్థమిచ్చే ప్రత్యయం తగిలించారని కొందరు, రెగ్గే-మారథాన్ కలిసిందని మరికొందరు.

పాడినవాళ్లు ఎక్కువగా 'కసేరియో'ల పిల్లలు, అంటే ప్రభుత్వం కట్టించిన పేదల అపార్ట్‌మెంట్ల పిల్లలు. పాటల్లో సెక్సు, తుపాకులు, మత్తుమందు, పోలీసుల మీద కోపం అన్నీ ముసుగు లేకుండా ఉండేవి. సరిగ్గా అదే కాలంలో, 1993లో, గవర్నర్ పెద్రో రొసెయో నేరాల మీద 'ఉక్కుపిడికిలి' విధానం ప్రకటించి ఆ కసేరియోల్లోకే నేషనల్ గార్డ్ సైనికులని దింపాడు. 1995 ఫిబ్రవరిలో పోలీసులు రికార్డు షాపుల మీద పడి, అశ్లీలం, నేరాలకి ప్రోత్సాహం అనే కారణాలతో క్యాసెట్లూ సీడీలూ పట్టుకుపోయారు.

దాడికి ముందు ఈ పాటలు కసేరియోల పిల్లలకి తెలుసు. దాడి తర్వాత పేపర్లు చదివే ప్రతి ఇంటికీ తెలిశాయి. పాడేవాళ్లు బూతులు కొంత తగ్గించి, రేడియోకి సరిపడే పాటలూ చేయడం నేర్చుకున్నారు. నిషేధం సంగీతాన్ని చంపలేదు, మార్కెట్లోకి తోసింది. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించే మలుపు ఇదే.

'పెర్రేయో' మీద వాదన

2002లో గొడవ పాట నుంచి ఆటకి మారింది. 'పెర్రేయో' అంటే కుక్క అనే మాట నుంచి వచ్చింది. ఆడమనిషి ముందు, మగవాడు వెనక నిలబడి నడుములు తాకిస్తూ చేసే నాట్యం. సెనేటర్ వెల్దా గొన్సాలెస్ దీని మీదా, పాటల వీడియోల్లో ఆడవాళ్లని చూపించే తీరు మీదా ఉద్యమం నడిపారు. విచారణలు జరిగాయి.

ఆవిడ వైపు వాదనని తేలిగ్గా తీసిపారేయలేం. ఆ నాటి వీడియోల్లో ఆడవాళ్లకి పేరూ ఉండదు, మాటా ఉండదు, శరీరమే. స్త్రీవాదులు కొందరు నేటికీ అదే అంటారు. అవతలి వాదనలు రెండు. ఒకటి, ధనికుల క్లబ్బుల్లో చెల్లే ఆట పేదల బస్తీలో ఎందుకు నేరమవుతుంది? రెండోది ఆడవాళ్ల నుంచే వచ్చింది. అన్యాస్కో ఊరికి చెందిన ఐవీ క్వీన్ 2003లో 'యో కియేరో బైలార్' పాడింది. 'నాకు ఆడాలనుంది, ఆడినంత మాత్రాన నీతో పడుకుంటానని కాదు' అన్నది దాని సారం. అదే దరువు, అదే నాట్యం. షరతులు మాత్రం ఆమెవి. మగవాళ్ల ఇలాకాలాంటి ఆ లోకంలో ఆ పాట హిట్టయింది, ఇప్పటికీ మోగుతోంది.

'గాసోలీనా' వెలుగు, తర్వాత చీకటి

తేగో కాల్దెరోన్ 'ఎల్ అబాయార్దే' ఆల్బమ్‌తో రెగ్గేటోన్‌కి కవిత్వ గౌరవం తెచ్చాడు. తన నల్లజాతి మూలాలని దాచకుండా, ద్వీపపు పాత 'బోంబా' డోళ్లని డెంబో పక్కన కూర్చోబెట్టాడు. వ్యాపారం తెచ్చింది మాత్రం డాడీ యాంకీ. 2004లో వచ్చిన 'బారియో ఫీనో' ఆల్బమ్‌లోని 'గాసోలీనా' స్పానిష్ రానివాళ్ల చేత కూడా స్పానిష్ పలికించింది. దాన్ని కట్టింది లూనీ ట్యూన్స్ జంట. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టి, హార్వర్డ్ యూనివర్సిటీ భోజనశాలలో పనిచేసిన కుర్రాళ్లు. 2023లో అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఈ పాటని జాతీయ రికార్డింగుల జాబితాలో చేర్చింది. ఆ గౌరవం పొందిన మొదటి రెగ్గేటోన్ పాట అది.

అమెరికా రికార్డు కంపెనీలు పోటీపడి రెగ్గేటోన్ విభాగాలు తెరిచాయి. కొన్ని రేడియో స్టేషన్లు ఏకంగా ఈ సంగీతానికే మారాయి. మూడు నాలుగేళ్లలో అన్నీ చల్లారాయి. అందరూ 'గాసోలీనా'నే మళ్లీ చేయబోయారు, అదే శబ్దం, అవే మాటలు. పైగా సీడీల అమ్మకాలే కూలిపోతున్న రోజులవి. 2010 వచ్చేసరికి ఇదొక పాత ఫ్యాషన్ అని చాలామంది తేల్చేశారు.

మెదెయీన్: కొండ ఊరి కొత్త గొంతులు

దాన్ని మళ్లీ లేపింది కొలంబియాలోని మెదెయీన్. జె బాల్విన్, మలూమా, కరోల్ జి. వీళ్ల పాటలు నెమ్మది, రాగం ఎక్కువ, కోపం తక్కువ. పాప్ పాటలు వినేవాళ్లకి సులువుగా ఎక్కుతాయి. కానీ గొంతులు ఎంత కారణమో లెక్కపెట్టే పద్ధతి మారడమూ అంతే కారణం. 2013లో అమెరికా సంగీత పత్రిక బిల్‌బోర్డ్ తన ప్రధాన పాటల పట్టికలో యూట్యూబ్ వీక్షణలు కలపడం మొదలుపెట్టింది. అదే ఏడాది స్పాటిఫై మెక్సికోలో అడుగుపెట్టింది. అంతకుముందు స్పానిష్ పాట అమెరికా పట్టిక ఎక్కాలంటే ఇంగ్లీషు రేడియో దయ చూపాలి. ఇప్పుడు అమెరికాలో యూట్యూబ్‌లో స్పానిష్ పాట చూసినవాడు ఆ పట్టిక లెక్కలోకి, మెక్సికో సిటీలోనో, బొగోతాలోనో ఫోను నొక్కినవాడు ప్రపంచ లెక్కలోకి వచ్చారు.

దాని ఫలితం 2017లో కనబడింది. లూయిస్ ఫోన్సీ, డాడీ యాంకీ పాడిన 'డెస్పాసీతో' జనవరిలో వచ్చింది. ఏప్రిల్‌లో జస్టిన్ బీబర్ గొంతు కలిపాడు. ఆ రూపం బిల్‌బోర్డ్ ప్రధాన పట్టిక 'హాట్ 100'లో 16 వారాలు మొదటి స్థానంలో ఉండి, అప్పటికున్న రికార్డుని సమం చేసింది. వీడియో ఆగస్టులో యూట్యూబ్‌లో అత్యధికులు చూసినదైంది, 2020 నవంబరు దాకా ఆ స్థానం వదల్లేదు. 2023లో కరోల్ జి ఆల్బమ్ బిల్‌బోర్డ్ ఆల్బమ్‌ల పట్టిక '200'లో నేరుగా మొదటి స్థానంలో దిగింది. స్పానిష్ ఆల్బమ్‌తో ఒక మహిళ అలా చేయడం అదే మొదలు.

తండ్రి తరిమాడు, కొడుకు తప్పుకున్నాడు

మళ్లీ సాన్ హువాన్‌కి వద్దాం. బ్యాడ్ బన్నీ సూపర్‌మార్కెట్లో సరుకులు సంచుల్లో సర్దే పనిచేస్తూ సౌండ్‌క్లౌడ్‌లో పాటలు పెట్టుకునేవాడు. మొదట పేరొచ్చింది 'లాటిన్ ట్రాప్'తో. అది రెగ్గేటోన్ కాదు, అమెరికా దక్షిణ రాష్ట్రాల హిప్‌హాప్ నుంచి వచ్చిన బరువైన, నెమ్మదైన నడక. తర్వాత అతను డెంబోకి తిరిగొచ్చాడు.

2019 జులైలో పోర్టో రికో గవర్నర్, అతని సన్నిహితుల మధ్య నడిచిన చాట్ బయటపడింది. ఆడవాళ్ల మీద, స్వలింగ సంపర్కుల మీద వెకిలి మాటలు, తుపాను మృతుల మీద కూడా జోకులు. లక్షలాది జనం వీధుల్లోకి వచ్చారు. బ్యాడ్ బన్నీ పర్యటన ఆపుకుని వచ్చి వాళ్లతో నడిచాడు. జులై 24 రాత్రి సాన్ హువాన్ కెథీడ్రల్ మెట్ల దగ్గర యువత నిరసనగా పెర్రేయో ఆడింది. అర్ధరాత్రి ముంగిట గవర్నర్ రాజీనామా ప్రకటించాడు. అతని పేరు రికార్దో రొసెయో. ఒకప్పుడు కసేరియోల్లోకి సైనికులని దింపిన పెద్రో రొసెయోకి కొడుకు.

2025 జనవరిలో వచ్చిన బ్యాడ్ బన్నీ ఆల్బమ్‌లో డెంబో పక్కనే సల్సా, ద్వీపపు పాత ప్లేనా ఉన్నాయి. ఆ వేసవిలో సాన్ హువాన్‌లోనే 31 ప్రదర్శనలిచ్చాడు, మొదటి తొమ్మిదీ స్థానికులకే. అమెరికా ప్రధాన భూభాగంలో పర్యటన పెట్టలేదు. హాలు బయట వలస శాఖ అధికారులు కాపు కాస్తారేమోనన్న భయం ఒక కారణమని అతనే చెప్పాడు.

'ఉర్బానో' అనే గొడుగు ఎవరికి నీడ?

రెగ్గేటోన్, లాటిన్ ట్రాప్, డొమినికన్ డెంబో, వీటన్నిటికీ కలిపి పరిశ్రమ 'ఉర్బానో' అనే పేరు వాడుతుంది, నగర సంగీతం అని. డొమినికన్ డెంబో అంటే ఎల్ ఆల్ఫా వంటివాళ్లు అదే దరువుని బాగా వేగం పెంచి చేసేది. రెగ్గేటోన్‌కి తమ్ముడే కానీ వేరే కాపురం.

అవార్డులకి, పట్టికలకి ఈ గొడుగు సౌకర్యం. అభ్యంతరం కూడా అక్కడే. 2019లో లాటిన్ గ్రామీల పెద్ద విభాగాల్లో ఈ గాయకులకి చోటు దక్కనప్పుడు "రెగ్గేటోన్ లేకుండా లాటిన్ గ్రామీ లేదు" అని వాళ్లు నిరసన తెలిపారు. ఉర్బానో విభాగంలో చోటిచ్చి, 'అసలు' పందిరి బయట కూర్చోబెట్టారన్నది వాళ్ల కోపం. రెండో అభ్యంతరం రంగు గురించి. కాలువ కూలీల మనవల నుంచి కసేరియోల దాకా నల్లజాతి చేతుల్లో పెరిగిన సంగీతం, డబ్బు కురిసే నాటికి ఎక్కువగా తెల్లని ముఖాలతో అమ్ముడవుతోందని విమర్శ. 2021లో ఒక సంస్థ 'ఆఫ్రో-లాటినో' గాయకుడి బహుమతిని జె బాల్విన్‌కి ప్రకటించినప్పుడు ఇది భగ్గుమంది. శ్రోతలు పెరిగితే గాయకుల రంగూ రకమూ మారడం సహజమే అనేవాళ్లూ ఉన్నారు. నిజమే, కానీ మారడం ఎప్పుడూ ఒకే దిక్కుకి జరుగుతుంటే ప్రశ్న రాకుండా ఉండదు.

కోర్టుకెక్కిన దరువు

2021లో స్టీలీ అండ్ క్లీవీ తరఫున లాస్ ఏంజెలస్ ఫెడరల్ కోర్టులో కేసు పడింది. స్టీలీ 2009లోనే చనిపోయాడు. కేసు పెరిగి పెరిగి వందమందికి పైగా కళాకారుల్ని, 1,800కి పైగా పాటల్ని చుట్టుకుంది. డాడీ యాంకీ, బ్యాడ్ బన్నీ, కరోల్ జి అందరూ ప్రతివాదులే. 'ఫిష్ మార్కెట్' మాది, డబ్బూ పేరూ ఇవ్వకుండా మొత్తం ఒక పరిశ్రమే దాని మీద నిలబడింది అన్నది ఫిర్యాదు.

మొదట్లో చెప్పిన ఎనిమిది అంకెలు ఇక్కడికి తెచ్చుకుంటే వాదన తేలిగ్గా అర్థమవుతుంది. 'తకిట తకిట తక' లెక్క మీద ఎవరికీ హక్కు లేదు, అది ఫిర్యాదుదారులూ కాదనలేరు. దాని మీద ఏ డ్రమ్ము ఏ అంకె మీద పడాలి, పక్కన తింబాల్ అనే డ్రమ్ము ఎక్కడ మోగాలి, బేస్ ఏ స్వరాలు పట్టుకోవాలి అన్న ఎంపికలన్నీ కలిపి చూస్తే అది సొంత సృష్టి అని వాళ్లు అంటారు. ఎంపికలు ఎన్ని కలిపినా చివరికి అది అందరి చేతిలో ఉండే సాధారణ దరువే, దాన్ని ఒకరి సొత్తు చేస్తే కొత్తగా ఎవరూ పాట కట్టలేరని అవతలి లాయర్లు అంటారు. 2024 మేలో జడ్జి కేసుని మొదట్లోనే కొట్టేయడానికి ఒప్పుకోలేదు. సంగీత నిపుణుల సాక్ష్యం లేకుండా అది తేలేది కాదన్నారు.

ఇంకో మెలిక ఉంది. జమైకాలో రిడిమ్ పద్ధతి నడిచిందే ఒకరి ట్రాక్ మీద ఇంకొకరు పాడుకోవడం మీద. పైగా పోర్టో రికో డీజేలు కోసి వాడుకున్న ముక్క చాలాసార్లు లాంగ్ ఐలాండ్‌లో డెనిస్ థాంప్సన్ తిరిగి వాయించినది. అది బాబీ డిజిటల్ దగ్గర కట్టిన పాటకి మరో రూపం, ఆ పాటకేమో ఆధారం 'ఫిష్ మార్కెట్'. మూడు చేతులు మారిన దరువుకి మొదటి చేతివాళ్లు ధర అడుగుతున్నారు.